కంటి మాట కంటి డాక్టరే చెప్పాలి

మా వరసలో నాది జిరాక్సు కొట్టు, నా పక్కది గడియారాలు బాగుచేసే ఆయనది. రెండింటికీ మధ్య ఒక చెక్క అడ్డు, అంతే. ఆయన తుమ్మితే నా కాగితాలు ఎగిరేవి. నా మిషను గురగురలాడితే ఆయన బల్ల మీద చిట్టి మరలు దొర్లేవి. పదహారేళ్ళు అలాగే సర్దుకున్నాం. వరసకు ఏమీ కాడు గానీ మొదటిరోజే నోటికి బాబాయ్ అని వచ్చింది, అదే ఖాయమైపోయింది. బజారందరికీ ఆయన సెకన్ల బాబాయ్. ఎవరొచ్చి నిలబడ్డా తల ఎత్తకుండా "ఒక్క సెకను" అనేవాడు. ఆ సెకను అరగంటకు ఏనాడూ తక్కువ లేదు.

"నీ దగ్గర సెకనుకు ఎన్ని నిమిషాలు బాబాయ్?" అని ఆటపట్టించేదాన్ని.

"పని చేసే చేతిని బట్టి ఉంటుందమ్మా. తొందరపడితే ముల్లు విరుగుతుంది."

ఆయన చేతుల గురించి చెప్పాలి. అంత శుభ్రమైన చేతులు నేను ఇంకెక్కడా చూడలేదు. ఏ వాచీ అయినా విప్పే ముందు లేచి వెళ్ళి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కునేవాడు. తన గుడ్డతోనే తుడుచుకునేవాడు. గోళ్ళు మూడు రోజులకోసారి తీసేవాడు. "తడి తగిలితే తుప్పు, చెమట తగిలితే మచ్చ" అనేవాడు. పిన్ని, అంటే ఆయన భార్య, మధ్యాహ్నం క్యారేజీ తెచ్చినప్పుడల్లా ఒకే మాట దెప్పేది. "పెళ్ళాం చెయ్యి పట్టుకోవడానికి ఏనాడూ కడుక్కోలేదు గానీ, ఊళ్ళోవాళ్ళ వాచీ ముట్టుకోవాలంటే మాత్రం ఈయనకు సబ్బు అరిగిపోవాలి!"

ఎడమ కన్ను ఆయనకు చిన్నప్పట్నుంచీ మసకే, వెలుగూ నీడా తప్ప ఏమీ తెలీదు. కుడి కంటికే ఆ నల్ల గొట్టం భూతద్దం బిగించుకుని నలభై ఏళ్ళు బతుకు లాగాడు. యాభై ఎనిమిదో ఏట ఆ కుడి కంటికే శుక్లం వచ్చింది. నాలుగు వీధుల అవతల రెండంతస్తుల కంటి ఆసుపత్రి ఉంది. అద్దాల తలుపులు, లోపల చల్లగా గాలి. అందరూ అక్కడే ఆపరేషన్ చేయించుకుంటారు. ఆయనా అక్కడే చేయించుకున్నాడు.

మర్నాడు కట్టు విప్పాక అంతా బాగానే కనిపించింది. ఇంటికొచ్చి పిన్ని ముఖంలోకి అదే పనిగా చూసి, "ఏమే, నీ ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉందా! ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాడట. పిన్ని మొన్నటి దాకా ఆ మాట చెప్పుకుని నవ్వేది.

రెండో రోజు సాయంత్రం కన్ను సలపడం మొదలైంది. పిన్ని ఆసుపత్రికి ఫోన్ చేసింది. "నొప్పి మామూలేనమ్మా, చుక్కలు మానకండి, వారం తర్వాత రండి" అన్నారు. మూడో రోజు పొద్దున మళ్ళీ చేసింది. చూపు మసగ్గా ఉంది, కన్ను ఎర్రగా ఉంది అని చెప్పింది. "డాక్టరు గారు ఊళ్ళో లేరు, చుక్కలు వెయ్యండి" అన్నారు. నాలుగో రోజు ఎవరినీ అడక్కుండా ఆయన్ని రిక్షాలో తీసుకెళ్ళిపోయింది. మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. డాక్టరు చూశాడు. లోపల చీము పట్టిందని, పెద్దాసుపత్రికి వెళ్ళమని చీటీ రాసిచ్చాడు. పెద్దాసుపత్రిలో కంట్లోకి సూదిమందు వేశారు, ఇంకేవో చేశారు. చూపు మాత్రం రాలేదు.

రెండు నెలల తర్వాత ఆ కంటి ఆసుపత్రి నుంచి ఫైలు తీసుకుని నకళ్ళ కోసం నా కొట్టుకు వచ్చారిద్దరూ. నేను ఎనిమిదో తరగతి దాకానే చదివాను గానీ, మిషను మీద కాగితం తిప్పుతూ చదవడం అలవాటైపోయింది. ఆ నాలుగో రోజు పేజీలో కింద రెండు వరసలు రాసి ఉన్నాయి. నా చెయ్యి ఆగిపోయింది.

"ఏమ్మా, కాగితం ఇరుక్కుందా?" అన్నాడు బాబాయ్.

"లేదు బాబాయ్."

"మరి చదువు."

దాచితే మాత్రం ఎన్నాళ్ళు దాస్తాను? చదివేశాను. "రోగి మందు సరిగా వాడలేదు. శుభ్రంగా లేని చేతులతో కన్ను నలుపుకోవడం వల్ల చీము పట్టింది."

ఆయన రెండు చేతులూ ముఖం ముందు పెట్టుకున్నాడు. కనపడవు కదా, అయినా తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"నా చేతులా?" అన్నాడు.

పిన్ని అక్కడే తిట్టడం మొదలుపెట్టింది. నాలుగు రోజులూ ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నది తనే, గంట చూసుకుని చుక్కలు వేసింది తనే, కంటి దగ్గరికి ఆయన చెయ్యి పోనిచ్చింది లేదు. బాబాయ్ ఆ తిట్లేవీ విన్నట్టు లేడు. "డబ్బిస్తారో ఇవ్వరో తర్వాత సంగతి" అన్నాడు కాసేపటికి. "ఈ మాట అబద్ధమని, చదువుకున్నవాడు ఎవడో ఒకడు నలుగురిలో చెప్పాలి. నాకు అది చాలు."

ఆయన కేసు వేసింది ఇందుకే. ఇంకెవరేం చెప్పినా నమ్మకండి.

నా కొట్టుకు రోజూ వచ్చే లాయరమ్మ ఒకావిడ ఉంది. సన్నగా ఉంటుంది, మాట కటువు, మనసు మంచిది. ఆవిడకే అప్పజెప్పాను. ఫైలంతా చదివి, నా స్టూలు మీదే కూర్చుని విషయం చెప్పింది.

"పెద్దాయనా, కడుపులో కత్తెర మర్చిపోయి కుట్టేశారనుకోండి, అది తప్పని చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు. మీది అలా కాదు. ఆపరేషన్ బానే చేశారు. తర్వాత వెంటనే చూడలేదు, అదీ మన గొడవ. వెంటనే చూసుంటే కన్ను దక్కేదా లేదా అన్నది మీరూ నేనూ చెప్పకూడదు. జడ్జి గారు కూడా తనంతట తాను చెప్పకూడదు. ఒక డాక్టరు రాసివ్వాలి."

"ఏ డాక్టరైనానా?" అంది పిన్ని.

"కంటి డాక్టరే అయ్యుండాలి. ఇప్పుడు పనిలో ఉండాలి, లేదా మానేసి రెండేళ్ళు దాటకూడదు. మూడు మాటలు రాయాలి. ఏం చెయ్యాల్సింది, వీళ్ళేం చేశారు, దానివల్లే కన్ను పోయింది అని. ఆ కాగితం కేసు వేసిన నాలుగు నెలల్లో కోర్టులో పెట్టాలి. తర్వాత ఆ డాక్టరే వచ్చి బోనులో నిలబడి అవతలి లాయరు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. కాగితం లేకపోతే కేసే లేదు."

"పక్కనే కూర్చుని చుక్కలేసింది నేనమ్మా. నా మాట చెల్లదా?"

"మీరు చూసింది చెప్పండి పిన్నిగారూ, కోర్టు వింటుంది. కన్ను ఎందుకు పోయిందో మాత్రం మీరు చెప్పకూడదు."

"పోయింది మా ఆయన కన్నే కదమ్మా!"

"అయినా సరే."

నాకు ఒళ్ళు మండింది. బాబాయ్ మాత్రం తల ఊపాడు. "న్యాయమే" అన్నాడు. "గోడ గడియారాలవాడొచ్చి చేతివాచీ గురించి చెప్తే నేను మాత్రం ఒప్పుకుంటానా? కంటి మాట కంటి డాక్టరే చెప్పాలి. వెతుకుదాం."

వెతికాం. ఆయన చెయ్యి పిన్ని పట్టుకుంటే, ఫైలు నేను మోశాను. మా ఊళ్ళో ఉన్న కంటి డాక్టర్లు ఎంతమందని, వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. మొదటాయన కుర్రాడు, మర్యాదస్తుడు. ఫైలు తెరిచి పైన ఆసుపత్రి పేరు చూసి మూసేశాడు. "ఆయన నాకు చదువు చెప్పారండీ" అన్నాడు. రెండో ఆవిడ ఆ ఆసుపత్రిలోనే వారానికి రెండు రోజులు చూస్తుందట. మూడో ఆయన ఫైలంతా ఓపిగ్గా చదివాడు. నొప్పి, మసక అని ఫోనొస్తే ఆ రోజే పిలవాలని, పిలవకపోవడం తప్పేనని చెప్పాడు. మా ముగ్గురికీ ప్రాణం లేచొచ్చింది.

"అయితే ఆ ముక్కే రాసివ్వండి బాబూ" అన్నాడు బాబాయ్.

"నోటితో ఎన్నిసార్లయినా చెప్తాను పెద్దాయనా. రాయమంటే మాత్రం చెయ్యి కదలదు. రేపు నా దగ్గరా ఒక కన్ను పోతుంది. అప్పుడు నా మీద రాసేది వాళ్ళే."

"నోటికున్న ధైర్యం చేతికి లేదేం నాయనా?" అంది పిన్ని. పాపం, అతను తల దించుకున్నాడు.

మా వీధి చివర చెవి, ముక్కు, గొంతు డాక్టరు ఒకాయన ఉన్నాడు. ఎవరికీ భయపడడు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమన్నాడు. ఆ సంగతి చెప్తే లాయరమ్మ నవ్వింది. "చెవిలో చీము పడితే పిలుస్తానని చెప్పండి."

ఇలా మూడు నెలలు గడిచాయి. ఒకరోజు ఎవరింటి నుంచో వస్తూ, బస్టాపులో బాబాయ్ ఉన్నట్టుండి ఒక సంగతి చెప్పాడు. పదేళ్ళ కిందట ఒకామె వాళ్ళ నాన్న చేతివాచీ తెచ్చిందట. అవతలి వీధి రిపేరు ఆయన లోపలి అసలు చక్రం మార్చేసి నాసిరకంది వేశాడని ఆమె అనుమానం. ఇదే మాట కాగితం మీద రాసిమ్మని అడిగిందట.

"మరి మార్చాడా?" అన్నాను.

"మార్చాడు. మూత తియ్యగానే తెలిసింది. తెలీదమ్మా, చెప్పలేను అన్నాను. ఒకడి పని ఇంకొకడు తప్పుపట్టకూడదని మా వాళ్ళ కట్టుబాటు. ఆమె నా ముందే ఏడ్చింది." బస్సు వచ్చింది. ఎక్కేటప్పుడు అన్నాడు, "ఈ డాక్టర్లను ఏ మొహం పెట్టుకుని తిట్టను చెప్పు?"

నాలుగో నెలలో, ఆ మూడో డాక్టరే మనసు ఊరుకోక ఒక చిరునామా పంపాడు. పక్క ఊళ్ళో పెద్ద డాక్టరమ్మ. ముప్పై ఆరేళ్ళు కళ్ళు చూసి, ఏడాది కిందటే మానేసింది. ఒంటరిది, మొహమాటం లేనిది. ఫైలు ఉంచి వెళ్ళమంది. లాయరమ్మ మాకు వెయ్యిసార్లు చెప్పి పంపింది. "కోర్టు ఒప్పుకున్న ఫీజు నా ద్వారా వెళ్తుంది. మీరు మాత్రం ఆవిడకు ఏమీ ఇవ్వకండి. పండు కూడా పట్టుకెళ్ళకండి."

"ఏమీ ఇవ్వం" అన్నాడు బాబాయ్.

రెండోసారి వెళ్ళినప్పుడు నేను లేను, పిన్ని చెప్పింది. డాక్టరమ్మ ఫైలు మీద ఏవో సందేహాలు అడుగుతుంటే బాబాయ్ మాటిమాటికీ గోడ వైపు తల తిప్పుతున్నాడట. గోడ గడియారం ఉంది, టిక్కుమనడం లేదు. ఆయనకు పక్కన చచ్చిన గడియారం ఉంటే అన్నం సహించదు. "దింపమంటారా అమ్మా?" అని అడిగి, చేతులు కడుక్కుని, బల్ల మీద పెట్టుకుని తడుముతూ విప్పాడట. అది పెద్ద గడియారం, పళ్ళన్నీ వేలికి తెలుస్తాయి. అరగంటలో నడిపించాడు. కన్ను పోయాక ఆయన చేసిన పని అదొక్కటే. ఇంటికొచ్చి పసిపిల్లాడిలా చెప్పుకున్నాడు. డాక్టరమ్మ కూలి ఇవ్వబోతే, డాక్టర్ల దగ్గరా పంతుళ్ళ దగ్గరా తీసుకోనని, వాళ్ళ నాన్న నాటి నుంచీ ఆ కొట్టులో అదే పద్ధతని చెప్పాడట.

ఆయన లెక్కలో అది ఇవ్వడం కాదు. తీసుకోకపోవడం. రెండూ ఒకటేనని ఆయనకే కాదు, పిన్నికీ తట్టలేదు, విన్న నాకూ తట్టలేదు. లాయరమ్మకు చెప్పాలని ముగ్గురిలో ఒక్కరికి తోచినా బాగుండేది.

డాక్టరమ్మ మూడు పేజీలు రాసిచ్చింది. నకళ్ళు తీసింది నేనే. ఆ మూడు మాటలూ ఉన్నాయి. నాలుగోది కూడా ఉంది: "ఇలాంటి చీము ఆపరేషన్ సమయంలోనే లోపల చేరుతుంది. పైనుంచి నలుపుకోవడం దీనికి కారణమని చెప్పే ఆధారం ఫైల్లో ఎక్కడా లేదు." బాబాయ్ ఆ వాక్యం నా చేత ఎన్నిసార్లు చదివించుకున్నాడో. కొట్టుకొచ్చిన వాళ్ళు విసుక్కున్నా చదివాను. ఆ వారం ఆయన గడ్డం గీసుకున్నాడు. పిన్నితో వేళాకోళమాడాడు.

గడువుకు ఆరు రోజుల ముందు కాగితం కోర్టులో పడింది. విచారణ రావడానికి ఏడాది పైన పట్టింది.

ఆ రోజు నేను కొట్టు మూసి వెళ్ళాను. గది చిన్నది, పైన ఫ్యాను తిరుగుతుంటే కాగితాల మీద రాళ్ళు పెట్టుకున్నారు. ముందు పిన్నిని అడిగారు. చుక్కల సంగతి, ఫోన్ల సంగతి గడగడా చెప్పింది. తర్వాత బాబాయ్. అవతలి లాయరు గొంతు పెంచే మనిషి కాదు. పలకరింపుగా అడిగాడు.

"డాక్టరు గారు మీకు ముందే తెలుసా?"

"తెలీదు బాబూ. దీనికోసమే తెలిసింది."

"ఎన్నిసార్లు వెళ్ళారు వాళ్ళింటికి?"

"మూడుసార్లు. ఫైలు ఇవ్వడానికొకసారి, సందేహాలంటే ఒకసారి, కాగితం తెచ్చుకోవడానికొకసారి."

"రెండోసారి చాలాసేపు ఉన్నారా?"

"ఉన్నాం. గడియారం ఆగిపోయుంటే చూశాను కదా."

మా లాయరమ్మ తల ఎత్తింది.

"ఓహో. కన్ను లేకుండానే బాగుచేశారా?"

"చేశాను!" అన్నాడు బాబాయ్. ఎంత గర్వంగా అన్నాడనీ. "వేళ్ళతోనే."

"మెచ్చుకోవాలి. ఎంత తీసుకున్నారు?"

"ఆవిడ దగ్గర తీసుకుంటానా? మనకంత సాయం చేసే మనిషి దగ్గర!"

అవతలాయన కూర్చున్నాడు. ఇంకేమీ అడగలేదు.

పెద్ద డాక్టరమ్మ బోనెక్కాక ఒక కాగితం చూపించారు. తన రాతతో పాటు తనే సంతకం చేసి ఇచ్చిన ప్రమాణం అది. కోర్టు ఒప్పుకున్న ఫీజు తప్ప ఈ పక్షం నుంచి డబ్బు గానీ వస్తువు గానీ సేవ గానీ పొందలేదు అని ఉంది. ఆవిడ దాన్ని చాలాసేపు చదివింది. "గడియారం సంగతి నాకు గుర్తే రాలేదండీ" అంది. అబద్ధమాడలేదు. "గుర్తున్నా అది సేవ అనుకునేదాన్ని కాదేమో" అని కూడా అంది, అదీ నిజమే. ముప్పై ఆరేళ్ళు కళ్ళు చూసిన డాక్టరు, ఆ బోనులో నిలబడి, ప్రమాణం తప్పావని అనిపించుకుంది. కళ్ళ గురించి ఆవిణ్ణి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

నెల తర్వాత తీర్పు వచ్చింది. డాక్టరమ్మ రాత పనికిరాదన్నారు. ఇంకో డాక్టర్ని తెచ్చుకుంటామని లాయరమ్మ అడిగింది, గడువు ఎప్పుడో దాటిందన్నారు. భార్య మందు వేసిందన్న మాట నమ్మదగినదేనన్నారు. కాకపోతే చీము ఎందుకు పట్టిందో చెప్పే అర్హత ఆమెకు లేదన్నారు. అర్హత ఉన్నవాళ్ళెవరూ చెప్పలేదు కాబట్టి కేసు కొట్టేశారు. ఆ రెండు వరసలు ఫైల్లో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

"పైకోర్టుకు వెళ్దామా?" అన్నాను.

"వెళ్ళి ఏం చూపిస్తాం?" అంది లాయరమ్మ. ఆవిడ గొంతులో కటువు కూడా పోయింది. "మనుషుల్లో మంచోళ్ళను తెచ్చుకున్నాం. అదే మన ఖర్మ."

డాక్టరమ్మ ఒకసారి ఫోన్ చేసింది. పిన్నే మాట్లాడింది. ఇద్దరూ ఒకరికొకరు క్షమాపణ చెప్పుకున్నారట, అంతకు మించి ఏముంటుంది? బాబాయ్ పనిముట్లన్నీ అవతలి వీధి రిపేరు ఆయనకే ఇచ్చేశాడు. అవును, ఆ చక్రం మార్చిన ఆయనకే. ఆ కొట్టులో ఇప్పుడు ఫోన్లకు అద్దాలు అతికిస్తున్నారు. బాబాయ్ పొద్దున్నే వచ్చి నా కొట్టులో కూర్చుంటాడు. నకళ్ళు వరసపెట్టి ఇస్తే పిన్నులు కొడతాడు. పాతవాళ్ళు పలకరిస్తే పలుకుతాడు. ఎవరూ అడక్కుండానే లేచి చేతులు కడుక్కొస్తుంటాడు. గంటకు మూడుసార్లు, నాలుగుసార్లు. చర్మం పగిలిపోయింది. వద్దంటే వినడు.

మొన్న మధ్యాహ్నం పిన్ని క్యారేజీ విప్పి ముద్ద కలుపుతుంటే అన్నాడు.

"ఏమే, నేనే నలిపానేమో."

"మళ్ళీ మొదలుపెట్టారా!" అంది పిన్ని. ఈ మాట ఆయన అనడం అది మొదటిసారి కాదు.

"నిద్రలో మనిషి ఏం చేస్తాడో వాడికేం తెలుసు? అంత పెద్ద ఆసుపత్రివాళ్ళు రాశారు. కోర్టు కాదనలేదు. కాదనడానికి ఒక్కడైనా నిలబడలేదు."

"నేను పక్కనే కూర్చున్నాను కదా. నాలుగు రోజులూ మీ చెయ్యి నా చేతిలోనే ఉంది."

"నువ్వూ మనిషివే. ఎప్పుడో ఒకప్పుడు కునుకు తీసే ఉంటావు."

ఈ మాటంటే ఎప్పుడూ ఆవిడ గయ్యిమనేది. కునుకు తియ్యలేదని కోర్టులో ఒట్టు పెట్టి చెప్పిన మనిషి. నేను మిషను ఆపి చూస్తున్నాను, ఇప్పుడు తిడుతుంది, తిడితే బాగుండు అనుకుంటూ. ఆవిడ ముద్ద ఆయన చేతిలో పెట్టి, వేళ్ళు ముడిచి, చాలాసేపు అలాగే పట్టుకుంది.

"తీశానేమో" అంది.